మా వదిన కళ, అన్నయ్య ప్యాంటు

మా వదిన వస్త్రకళాకారిణి అని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. నమ్మకం కుదరనివారు మా ఇంట్లో ఎవరి చొక్కా అయినా వెనక్కి తిప్పి చూసుకోవచ్చు.

ఆవిడ గుడ్డముక్కలు అతికి గోడంతేసి బొమ్మలు కుడుతుంది. కొత్త గుడ్డ మాత్రం ముట్టుకోదు. కొత్తదానికి అనుభవం ఉండదట. ఒకసారి అన్నయ్య ముచ్చటపడి కొట్టు నుంచి గుడ్డ తెస్తే, "ఇదింకా లోకం చూడలేదండీ" అని దాన్ని నా ఒంటికి చుట్టి, కొన్నాళ్లు ఎండలో తిరిగి రమ్మంది. తిరిగాను. గుడ్డకి అనుభవం వచ్చింది. నాకు చెమటకాయలు వచ్చాయి.

ఆవిడ దినచర్య గురించి ఒక పత్రికవారు అడిగితే, "పొద్దున్నే ప్రేరణ కోసం ప్రకృతిలోకి వెళ్తాను" అని చెప్పింది. ప్రకృతి అంటే మా మేడమీద బట్టలారేసే తీగ. కాఫీ కప్పు పట్టుకుని, ఆరేసిన బట్టల మధ్య కళ్లు మూసుకుని నడుస్తుంది. ఏది మెత్తగా చేతికి తగిలితే దానికి ఆ పూటతో నూకలు చెల్లినట్టే. మధ్యాహ్నం ముక్కలన్నీ నేలమీద పరిచి చింతనలో పడుతుంది. ఆ చింతనలోంచి అప్పుడప్పుడు గురక వినిపిస్తుంది, మనం పట్టించుకోకూడదు. సాయంత్రం లేచి, నిన్న కుట్టింది ఊడదీస్తుంది. దీన్ని పునఃపరిశీలన అంటారు.

అలాగని ఆవిడ అన్యాయం చేసే మనిషి కాదండోయ్. ముక్క తీసిన చోట ఇంకో ముక్క వేసి మరీ ఇస్తుంది. నా చొక్కా చంకలో సోఫా కవరుంది. నాన్నగారి పైజామా మోకాలికి నా చిన్నప్పటి యూనిఫారం ఉంది. అమ్మ మాత్రం గట్టిది, తన బట్టలన్నీ ఒంటిమీదే వేసుకుని తిరుగుతోంది. మనిషి కాస్త ఒళ్లు చేసిందని చుట్టాలు సంతోషిస్తున్నారు.

ఇలా సుఖంగా సాగుతుండగా వదినకి పెద్ద ప్రదర్శనలో చోటు దొరికింది. ఆఫీసు జీవితం మీద 'కూర్చున్న కాలం' అనే బొమ్మ మొదలుపెట్టింది. అంతా అయింది, నడిమధ్య ముక్క మిగిలింది. అక్కడ నిజంగా కూర్చున్న గుడ్డే పడాలని పట్టు పట్టింది. ఇల్లంతా కలియజూసింది. ఆవిడ చూపు చివరికి అన్నయ్య నల్ల ప్యాంటు దగ్గర ఆగింది.

అన్నయ్య గుమాస్తా. ఉద్యోగంలో చేరిన రోజు ఏ కుర్చీలో కూర్చున్నాడో నేటికీ అదే కుర్చీ. మిగతా ప్యాంట్లన్నీ కళకి అంకితమైపోగా ఆ నల్లదొక్కటే చెక్కుచెదరకుండా మిగిలింది. దాని వెనక భాగం అద్దంలా మెరుస్తూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఆయనకి పెద్ద గుమాస్తా పదవికి ఇంటర్వ్యూ వచ్చింది. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లంతా ఈపాటికి ఆయన నెత్తిన ఆఫీసర్లై కూర్చున్నారు. ఈసారి తప్పితే ఇక గుమాస్తాగానే రిటైరు కావడం. "ఈసారి కూడా రాకపోతే ఆ ఆఫీసులో తలెత్తుకోలేనురా తమ్ముడూ" అని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఇంటిల్లిపాదీ వెళ్లి వదినని వేడుకున్నాం.

"అయ్యో, ఆమాత్రం తెలీదా నాకు? ఆ ప్యాంటు మీద కత్తెర పెట్టను. ఒట్టు!" అంది.

ఆవిడ మాట తప్పలేదు. బ్లేడు పెట్టింది.

ఇంటర్వ్యూ రోజు అన్నయ్య హడావుడిగా ప్యాంటు తొడుక్కున్నాడు. తోడుగా నేనూ వెళ్లాను. పిలుపు కోసం వరండాలో నిలబడి ఉంటే అక్కడి బంట్రోతు దగ్గరికొచ్చి, "సార్, వెనకాల పూలు బాగున్నాయి" అన్నాడు. చూస్తే ఏముంది, మా వంటింటి కర్టెన్! ఎర్రటి పువ్వులు, పసుప్పచ్చ సీతాకోకచిలుకలు. కుట్టు మాత్రం ఎంత సన్నగా ఉందో! అనకూడదు గానీ, ఆవిడ చేతిలో పనితనం ఉంది.

"ప్యాంట్లు మార్చుకుందామా అన్నయ్యా?" అన్నాను. నా మోకాళ్ల మీద దిండుగలీబు చూసి వద్దన్నాడు. ఈలోగా లోపల గంట మోగింది.

అన్నయ్య గోడకి అంటుకుని పీతలా లోపలికి వెళ్లాడు. వాళ్లు ఏవో అడిగారు. ఈయన సీతాకోకచిలుకల ధ్యాసలో ఉండి పొంతన లేని జవాబులు చెప్పాడు. తలుపు సందులోంచి చూస్తూ నేను ఆశ వదులుకున్నాను. "ఇక వెళ్లొచ్చు" అన్నారు. అన్నయ్య లేచాడు, రెండు చేతులూ జోడించాడు, ముఖం వాళ్లవైపే ఉంచి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ వచ్చాడు. దారిలో ఇనపబీరువా తగిలితే దానికీ క్షమాపణ చెప్పుకున్నాడు.

పెద్ద ఆఫీసరు కళ్లు చెమర్చాయి. అప్పటికప్పుడు లేచి నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. "చదువూ తెలివీ ఎవరికైనా ఉంటాయయ్యా! పై అధికారికి వీపు చూపించని ఉద్యోగిని నా సర్వీసులో ఇప్పుడే చూస్తున్నాను. ఇలాంటి వెనకడుగే మన సంస్థని ముందుకి నడిపిస్తుంది!" మిగతా సభ్యులు చప్పట్లు కొట్టారు. అన్నయ్య పెద్ద గుమాస్తా అయిపోయాడు.

వదినకి సంగతి తెలిసి, "చూశారా, కళ ఊరికే పోదు" అంది. అన్నయ్య ఆనందంలో పోట్లాడటం కూడా మర్చిపోయాడు. 'కూర్చున్న కాలం' ప్రదర్శన నుంచి తిన్నగా ఆఫీసు గోడకెక్కింది. నడిమధ్య నల్లగా మెరుస్తున్న ముక్కని పెద్ద ఆఫీసరు చేత్తో నిమిరి, "ఇందులో మన సంస్థ భవిష్యత్తు కనబడుతోంది" అని సెలవిచ్చాడు. అందరికీ కనబడింది.

ఇప్పుడు ఆ ఆఫీసులో ఎవరూ పెద్దాయన గదిలోంచి ముందుకి నడిచి రావడం లేదు. అందరూ వెనక్కే. వరండాలో ఒకరినొకరు గుద్దుకుని పడుతున్నారు, లేచి బీరువాలకి క్షమాపణలు చెప్పుకుంటున్నారు. అన్నయ్య మాత్రం కొత్త ప్యాంటు కొనుక్కున్నాక మామూలుగానే నడుస్తున్నాడు. పదవి వచ్చాక పొగరెక్కిందని పై వాళ్లు గుసగుసలు మొదలుపెట్టారట.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, నాకేం. రేపు మీ ఆఫీసరు గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు మీ వీపు ఎటు ఉందో ఒక్కసారి చూసుకోండి. మా అన్నయ్యకంటే ప్యాంటుకి కన్నం పడింది. మీకేమొచ్చింది?