ముప్పై ఒక్కమంది నాన్నలు, ఒక్కటే వాగు

అమెరికాలోని కాపెల్ తెలుగు తల్లిదండ్రుల సమన్వయ కమిటీ తన సభ్యులకు తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నది ఏమనగా, ఈ ఏడాది మన హైస్కూల్ ఇంగ్లీషు క్లాసులో ముప్పై ఒక్కమంది హీరోలు బయటపడ్డారు. ముప్పై ఒక్కమందీ నాన్నలే. అందులో నేనూ ఒకణ్ణి. పేరు దివాకర్. కమిటీ కార్యదర్శిగా ఈ నివేదిక రాసే భాగ్యం నాకు దక్కింది.

సంగతి ఇలా మొదలైంది. తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెప్పే మిస్ హాలిస్ హీరోల మీద ఒక పాఠం ఎత్తుకుంది. లోకంలోని హీరో కథలన్నీ లోపల ఒకే మూసలో ఉంటాయట. ఇంట్లో ఉన్నవాడికి ఎక్కడినుంచో పిలుపు వస్తుంది. ముందు వెళ్లనంటాడు. ఒక గురువు దొరుకుతాడు. తర్వాత ఒక గడప వస్తుంది, అక్కడ కాపలావాడు అడ్డంగా నిలబడతాడు. వాణ్ణి దాటితే అగ్నిపరీక్ష, ఆపైన బహుమతి, చివరికి బహుమతి పట్టుకుని ఇల్లు చేరడం. ఇందులో ఇమిడే హీరోని మీకు తెలిసినవాళ్లలో వెతికి రాయండి అని ఆవిడ హోంవర్క్ ఇచ్చింది. వంద మార్కులు.

వంద మార్కుల పనిని పిల్లల చేతికి వదిలేసే వెర్రివాళ్లం కాదు కదా మనం! ఆ సాయంత్రమే మన అధ్యక్షులు పరంధామయ్య గారింట్లో అత్యవసర సమావేశం జరిగింది. ఆయన మిర్చిబజ్జీ ప్లేటు పక్కన పెట్టి ఇలా ప్రసంగించారు: "సోదర సోదరీమణులారా! మన పిల్లలు హీరో కోసం బయట వెతకాల్సిన ఖర్మేమిటి? ఎదురుగా సోఫాలో కూర్చున్నాం గదా!" రెండు నిమిషాలు చప్పట్లు.

వ్యాసం తయారుచేసే బాధ్యత నాకు అప్పగించారు. ఇది నాకు కొత్త కాదు. నేను అమెరికా వచ్చిన ఏడాది గెస్ట్‌హౌస్‌లో తొమ్మిదిమందిమి ఉండేవాళ్లం, తొమ్మిదిమందికీ కలిపి ఒక్కటే రెజ్యూమే. పేరూ ఫోన్ నంబరూ మార్చుకునేవాళ్లం, అంతే. తొమ్మిదిమందికీ ఉద్యోగాలు వచ్చాయి. ఆ పద్ధతినే అనుసరించి ఒక టెంప్లేట్ చేశాను. పిలుపు అంటే అడ్మిషన్ లెటర్. గురువు అంటే కన్సల్టెన్సీ ఓనర్. గడప అంటే వీసా ఆఫీసు, కాపలావాడు అంటే కిటికీ వెనక కూర్చున్న ఆఫీసర్. అగ్నిపరీక్ష అంటే ప్రాజెక్టు దొరకని ఏడు నెలలు. బహుమతితో ఇల్లు చేరడం అనే ఆఖరి దశ దగ్గర కాస్త చిక్కొచ్చింది. వీసా స్టాంపింగ్‌కి డేట్లు దొరక్క మనవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఇండియా మొహం చూడలేదు. కనుక ఆ దశను కమిటీ ఏకగ్రీవంగా తొలగించింది.

కథ మరీ చప్పగా ఉందని హీరో చిన్నప్పుడు రోజూ ఒక వాగు ఈది బడికి వెళ్లినట్టు రాశాను. నేను పుట్టింది గుంటూరు బ్రాడీపేట నాలుగో లైన్‌లో. అక్కడ వాగు లేదు, వానొస్తే మురుగు పొంగుతుంది. అయినా వాగు అందరికీ తెగ నచ్చేసింది.

మా అమ్మాయి హాసినికి కూడా ఒక ప్రతి ఇచ్చాను. ఆ పిల్ల పేరు మార్చుకుని మారు మాట్లాడకుండా ఇచ్చేసింది. అంత బుద్ధిగా ఉండటానికి ఒక కారణం ఉంది, చెబుతాను. రెండు వారాలుగా మా ఇంట్లో ఒక కాగితం గొడవ నడుస్తోంది. స్కూల్ నాటక బృందం పోటీకి ఆస్టిన్ వెళుతోంది. మూడు రోజులు. హాసినికి పెద్ద పాత్ర ఇచ్చారట. స్కూల్ రికార్డుల్లో సంరక్షకుడిగా నా పేరొక్కటే ఉంది, కనుక నా సంతకం ఉంటేనే బస్సెక్కనిస్తారు. నేను ససేమిరా అన్నాను. అదే శనివారం మ్యాథ్స్ కోచింగ్‌లో మాక్ టెస్ట్ ఉంది. "నాటకాలు కూడు పెడతాయా?" అన్నాను. పిల్ల రెండుసార్లు ఆ కాగితం డైనింగ్ టేబుల్ మీద నా ముందు పెట్టింది. రెండుసార్లూ దాని మీద నా టీకప్పు పెట్టాను. ఏడ్చింది. ఏడిస్తే ఏడ్చింది, కంచే చేను మేస్తే ఎలా?

ఇక ముప్పై ఒక్క వ్యాసాలూ మిస్ హాలిస్ బల్ల మీదికి చేరాయి. ముప్పై ఒక్కమంది హీరోలు, ఒకే వాగు. కొంచెం గాభరా పడ్డమాట నిజం. కానీ ఆవిడ మనందరికీ ఈమెయిల్ పంపింది: "హీరో కథలన్నీ ఒక్కటేనని పద్దెనిమిదేళ్లుగా చెబుతున్నాను. ఇంత గట్టి రుజువు నాకెప్పుడూ దొరకలేదు. ఈ హీరోలను కళ్లారా చూడాలని ఉంది. గురువారం క్లాసుకు రాగలరా?" చూశారా, విద్వత్తు ఉన్నచోట గుర్తింపు దానంతటదే వస్తుంది!

గురువారం పట్టు లాల్చీలతో పదకొండు మంది హీరోలం హాజరయ్యాం. మిగతావాళ్లకు మీటింగులు. వరండాలో నేను నా ప్రసంగం నెమరు వేసుకుంటూ ఉండగా హాసిని ఒక అట్ట మీద కాగితాలు పట్టుకొచ్చింది. విజిటర్ ఫారం, ఫోటో ఫారం, ఇంకేవో ఉన్నాయి.

"నాన్నా, పైన ఉన్న పేపర్ చదువు. ప్లీజ్."

"నువ్వు తెస్తే చదివేదేముందే, నా బంగారు తల్లీ!" అని పెన్ను తీశాను.

"నో, యు షుడ్ రీడ్ ఇట్. ఐ యామ్ సీరియస్ నాన్నా."

నేను ఆఫీసులో రోజుకి పది కోడ్ రివ్యూలు తెరవకుండానే అప్రూవ్ చేసేవాణ్ణి. గడగడా ఆరు సంతకాలు గిలికి పారేశాను. పిల్ల పై కాగితం మీది సంతకం ఒకసారి చూసుకుంది. తర్వాత కాగితాలు తీసుకుని వెళ్లిపోయింది.

లోపల పరంధామయ్య గారు అరగంట మాట్లాడారు. నేను ఇరవై నిమిషాలు. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక తెల్లపిల్లాడు లేచి, ఆ వాగు పేరేమిటి అని అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పదకొండు మందిమీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. హైదరాబాద్ చాదర్‌ఘాట్‌లో పుట్టి పెరిగిన మన అంజయ్య గారు ధైర్యం చేసి, "మూసీ. గది దాటిపోతుంటిమి," అన్నారు. అదేమీ అబద్ధం కాదు. సిటీ బస్సులో దాటేవారు.

మిస్ హాలిస్ అందరికీ చేతులు కలిపి, ఎంతో మర్యాదగా సాగనంపింది. మేం వెళ్లాక పిల్లల చేతికి తెల్లకాగితాలు ఇచ్చి, ఫోన్లు లోపల పెట్టించి, అరగంటలో ఇంకో వ్యాసం రాయమందట: "మీ కథలో గడప దగ్గర కాపలా ఉన్నదెవరు? ఎలా దాటారు?" కమిటీకి ముందుగా తెలియపరచకుండా ఇలా చేయడాన్ని మనం ముక్తకంఠంతో ఖండించాలి.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే హాసిని లేదు.

"ఆస్టిన్ బస్సెక్కింది. నేనే దింపాను," అంది మా ఆవిడ ఉమామహేశ్వరి, పప్పుకి పోపు పెడుతూ.

"ఎవరిని అడిగి?"

"సంతకం మీదే కదండీ!" ఫోన్‌లో ఫోటో చూపించింది. సంతకం నాదే. మహా ఠీవిగా కూడా ఉంది.

ఒళ్లు మండిపోయింది. కన్నబిడ్డ నన్ను మోసం చేసిందని కేకలు పెట్టాను. అంతలో నా ఫోన్ మోగింది. స్కూల్ యాప్‌లో హాసినికి కొత్త మార్కులు పడ్డాయి. కోపంలో ఉన్నా సరే, మార్కులు చూడకుండా ఉండగలమా? తొంభై ఏడు. ఆ గడప వ్యాసమే. కింద మిస్ హాలిస్ దాని ఫోటో కూడా పెట్టింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మీకోసం తెలుగు చేస్తున్నాను.

"మా గడప దగ్గర కాపలా ఉన్నది మా నాన్న. చెడ్డవాడు కాదు. ఆయన సగం వయసు కిటికీల ముందు నిలబడటంలో గడిచింది. ఫైలు పట్టుకుని, అద్దానికి అవతలివాళ్లు ఏమంటారో అని భయపడుతూ ఉండేవాడు. చివరికి ఆయనకూ ఒక కిటికీ దొరికింది. అది మా డైనింగ్ టేబుల్. అవతల ఆయన కూర్చున్నాడు, ఇవతల నేను నిలబడ్డాను. కాపలావాణ్ణి దాటాలంటే కత్తి ఉండాలని పుస్తకాల్లో ఉంది. నా దగ్గర కాగితమే ఉంది. ఇవాళ మూడోసారి ఇచ్చాను. చదివితే వద్దంటాడని తెలిసే చదవమన్నాను. చదవలేదు. సంతకం పెట్టాడు. నేను దాటాను. కానీ చదివి పెట్టి ఉంటే నాకు ఇంకా బాగుండేది."

ఆ మూడు మార్కులు ఎక్కడ పోయాయి అని హాసినికి మెసేజ్ టైప్ చేశాను. పంపలేదు. సిగ్గేసింది, దాచుకోవడం ఎందుకు.

వ్యాసాన్ని మన గ్రూపులో పెట్టాను. పెట్టిన నిమిషంలోనే ఇరవై ఏడు దణ్ణాలు వచ్చాయి. పరంధామయ్య గారు, "అద్భుతం దివాకర్ గారూ! తండ్రిని హీరోని చేసిన బిడ్డ! మన టెంప్లేట్ ఫలించింది. ఉగాదికి మీకు శాలువా," అని రాశారు. ఒక్కడంటే ఒక్కడు చదివితే ఒట్టు!

అప్పుడు ఉమామహేశ్వరి ఫోన్ తీసుకుని ఆ సంతకం కాగితాన్ని పెద్దది చేసి మొదటినుంచి చదివాను. ఏడో లైన్‌లో ఉంది: శనివారం సాయంత్రం ఆరింటికి ప్రదర్శన, కుటుంబానికి రెండు సీట్లు. పక్కన ఖాళీలో హాసిని చేతిరాతతో అమ్మ పేరు ఉంది, నా పేరు ఉంది.

ఇవాళ శనివారం. ఆస్టిన్ వెళ్తున్నాం. కార్ ఉమామహేశ్వరి డ్రైవ్ చేస్తోంది, దారిలో వేకో దాటాం. నేను పక్క సీట్లో కూర్చుని, కమిటీ ఆమోదం కోసం ఈ నివేదికను గ్రూపు డాక్యుమెంట్‌లోనే నేరుగా టైప్ చేస్తున్నాను. టెంప్లేట్ల పద్ధతి ఎత్తివేయాలని, కార్యదర్శి పదవికి నా రాజీనామా స్వీకరించాలని కింద తీర్మానం పెట్టబోతున్నాను. అది ఇంకా రాయలేదు. ఆమోదిస్తూ ఇరవై తొమ్మిది సంతకాలు మాత్రం అప్పుడే వచ్చేశాయి.