ఈ ఆంటీ ఎవరో తెలీదు

ఆ పొద్దున గేటు తాళం తీస్తూనే పెద్ద టీచర్ ఆయాకి కొత్త రూలు చెప్పింది. ఆమె నడిపే డే కేర్ సెంటర్ నుంచి ముందురోజు ఒకరి మేనమామ పొరపాటున ఇంకొకరి పాపను చంకనెక్కించుకుని వీధి మలుపు దాకా వెళ్లిపోయాడు. అదృష్టం బాగుండి ఎవరో చూశారు.

"ఇవాళ్టి నుంచి పిల్లలు నోరు తెరిచి 'మావాళ్లే' అంటేనే పంపాలి. ఎవరొచ్చినా సరే!"

"అలాగేనమ్మా," అంది ఆయా.

సాయంత్రం అందరికన్నా ముందు, పిడుగు అని అందరూ పిలిచే పిల్లవాడి తండ్రి వచ్చాడు. వయసు కనబడుతోందని ఆఫీసులో ఎవరో అంటే మధ్యాహ్నమే మీసం తీయించేశాడు.

"ఈయనెవరు బంగారం?" అని అడిగింది పెద్ద టీచర్.

ఇసుకలో సొరంగం తవ్వుతున్న పిడుగు తలెత్తాడు. "తెలీదు."

"ఒరేయ్, మీ నాన్ననిరా!"

"మా నాన్నకి మీసముంది."

ఆయా గేటుకి తాళం వేసింది. ఆయన ఫోన్ చేస్తే భార్య ఆయాసపడుతూ వచ్చింది. "మా ఆయనేనండీ. ఈ ముఖం నేనూ ఇప్పుడే చూస్తున్నాను గానీ, ఆయనే!"

"మరి ఈవిడెవరు బంగారం?" అని అడిగింది పెద్ద టీచర్.

తెలీదంటే ఇంకాసేపు ఆడుకోవచ్చని పిడుగుకి అప్పటికే అర్థమైపోయింది. "ఈవిడా తెలీదు."

ఆ కిటుకు ఇసుక గుంట దాటి ఉయ్యాల దాకా పాకింది. వచ్చిన తల్లీతండ్రీ, పిన్నీ తాతయ్యా వచ్చినట్టే గేటు ఊచలు పట్టుకుని నిలబడిపోయారు. "నిన్ను కన్నది నేనేనే!" అని ఒకావిడ మొత్తుకుంటే, "నాకు గుర్తులేదు," అంది కూతురు.

"రేపట్నుంచి మా పిల్లల్ని ఇక్కడికి పంపం!" అని కేకలు మొదలయ్యాయి. పెద్ద టీచర్ వాళ్లను శాంతింపజేద్దామని పరుగున బయటికొచ్చింది. వెనకాల తాళం పడింది.

"ఆయా, తియ్యి! అందర్నీ పంపించేద్దాం."

"రూలు పెట్టింది మీరే కదమ్మా. పిల్లల్లో ఎవరైనా మీరెవరో చెప్పాలి." ఆయా ముఖంలో నవ్వు జాడైనా లేదు.

ఉయ్యాల మీద తన కూతురే కనబడితే పెద్ద టీచర్ ప్రాణం లేచొచ్చింది. "చిట్టితల్లీ, నేనెవరో చెప్పమ్మా!"

ఉయ్యాల ఆగలేదు. "ఈ ఆంటీ ఎవరో నాకు తెలీదు."

కేకలు ఆగిపోయాయి. ఇంతసేపూ తిట్టినవాళ్లే తలా కాస్త జరిగి ఆమెకు చోటిచ్చారు. "ఇలా రండి మేడం, ఇక్కడ నీడుంది," అన్నాడు పిడుగు తండ్రి, లేని మీసం తడుముకుంటూ.

ఆకలేసేసరికి పిల్లలకు ఒక్కొక్కరికే అమ్మానాన్నలు గుర్తొచ్చారు. పెద్ద టీచర్ కూతురు మాత్రం అప్పటికే రెండు అరటిపళ్లు తినేసి ఉంది.