కరక్కాయ సిరా

ఆఫీసులో అందరూ సిరాబుడ్డి అని పిలుచుకునే గుమాస్తాగారు, తన పదోన్నతి సిఫారసు కాగితం మీద పెద్దసారు చేత సొంత సిరాతో సంతకం పెట్టించాలని ఆ ఉదయం నిశ్చయించుకున్నారు. కాగితం ఆ రోజు మూడింటి టపాలో వెళ్లకపోతే, పన్నెండేళ్లుగా కన్నేసిన పెద్ద గుమాస్తా కుర్చీ చేజారినట్టే.

వారంపాటు తుప్పు మేకులు నానబెట్టి, ఆ పొద్దున్నే కరక్కాయలు కాచి, రెండూ కలిపి, గుడ్డలో ఏడుసార్లు వడగట్టారు. భార్య సీసాను వెలుతురులోకి ఎత్తి చూసింది.

"ఇంత పలచగా ఉందేమిటండీ? ఒకసారి రాసి చూసుకోండి."

"మా తాతగారి కొలతలివి. రాసి చూడడమంటే ఆయన్ని అనుమానించడమే."

ఆఫీసులో ఆ సిరాలో పాళీ ముంచి, పసుపుపచ్చ సిఫారసు ఫారం మీద పెద్దసారు సంతకం పెట్టారు. ఏమీ కనపడలేదు. పక్కన ఇంకోటి, కింద ఇంకోటి, మొత్తం తొమ్మిది పెట్టారు. చివరికి పాళీ విదిలించి, పెన్ను రాస్తుందో లేదో చూద్దామని మనసులో ఉన్న ముక్కేదో గీకారు. అదీ కనపడలేదు.

"నీ సిరా కూడా నీలాగే ఉందయ్యా. పని చేస్తుంది కానీ కనపడదు. భోజనం చేసొచ్చి నా పెన్నుతో పెడతాలే."

కాగితాన్ని ట్రేలో పడేశారు. భోజనమయ్యాక ఆయన కుర్చీలోనే కునుకు తీశారు. లేపే ధైర్యం గుమాస్తాగారికి లేదు, లేపే అవసరం టపా ప్యూనుకు లేదు. అతను చప్పుడు చేయకుండా ట్రే ఊడ్చుకుపోయాడు.

సాయంత్రం గుమాస్తాగారు ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా కూలబడ్డారు. సంతకం లేని కాగితం పైకి వెళ్లిపోయిందని చెబుతుంటే నిజంగానే కళ్లనీళ్లు వచ్చాయి. ఓదార్చబోయి చెయ్యి పట్టుకున్న భార్య ఆగిపోయింది.

"ఈ వేళ్లు పొద్దున శుభ్రంగానే ఉన్నాయి కదండీ?"

వేళ్లు కారునలుపు. సిరా పనిచేయక కాదు, దానికి పూటంతా గాలి తగలాలి. గుమాస్తాగారు లేచి గంతేయబోయి, తొమ్మిది సంతకాలు గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నారు.

నాలుగో రోజు పైఆఫీసు నుంచి పెద్దసారుకు ఉత్తరం వచ్చింది. తొమ్మిది సంతకాలతో సిఫారసు చేసిన మనిషి మీద తమకూ గురి కుదిరిందట. "ఈ గదిలో ఊపిరాడ్డం లేదు, ఆర్నెల్లు ఎటైనా పోవాలి" అని అదే కాగితం మీద ఆయన పెట్టుకున్న మొరను మన్నించి సెలవు ఇచ్చారట. అంతవరకు ఆయన కుర్చీలో గుమాస్తాగారినే కూర్చోబెట్టమన్నారు.

పెద్దసారు రెండుసార్లు చదువుకుని, గొడుగు చంకన పెట్టుకుని లేచారు.

"ఆ సీసాలో ఇంకా మిగిలుంటే ఇవ్వు. ఆర్నెల్లయ్యాక మళ్లీ పనికొస్తుంది."

ఇంట్లో కాచిన సిరా ఆఫీసులోకి తేరాదని కొత్త పెద్దసారు తొలి ఉత్తర్వు రాసి, కింద బాల్‌పెన్నుతో ఒకే ఒక్క సంతకం పెట్టారు.