వరాలమ్మ రెండు మోకాళ్లు

ఒక పెద్ద అడవిలో ఓ పెద్ద ఆసుపత్రి, ఆ ఆసుపత్రిలో ఎవరూ కూర్చోని ఓ పెద్ద కుర్చీ ఉండేవి. అది సూపరింటెండెంటు కుర్చీ. దాని మీద ఇద్దరు ఎముకల డాక్టర్ల కన్ను పడింది. ఒకరు ఎలుగుబంటి భల్లూకరావు, రెండోవారు ముళ్లపంది శల్యమూర్తి. ఆసుపత్రి కమిటీ కార్యదర్శి నక్క జంబుకేశ్వర్రావు ఆ కుర్చీ మీకేనని ఇద్దరికీ విడివిడిగా మాటిచ్చేశాడు.

మోకీళ్లు మార్చడంలో ఇద్దరూ మొనగాళ్లే. భల్లూకరావు కొత్త కీలుని ఎముకకి సిమెంటుతో అతికిస్తాడు. పావుగంటలో గట్టిపడుతుంది, మర్నాడే నడిపించొచ్చు అంటాడు. శల్యమూర్తి సిమెంటు ముట్టడు. గరుకు కీలుని ఎముకలోకి బిగించి వదిలేస్తే ఎముకే మెల్లగా పెరిగి దాన్ని పట్టుకుంటుందని, సిమెంటైతే ఏనాటికైనా వదులవుతుందని అంటాడు. మెత్తబడిన ముసలి ఎముక ఏం పట్టుకుంటుందని భల్లూకరావు వెటకారం. ఈ గొడవ మీద ఇద్దరికీ పదేళ్లుగా పలకరింపుల్లేవు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే చెరువులు అడుగంటసాగాయి. కొండ అవతల ఎండని ఊట ఒకటుంది. దాని దారి తెలిసింది ఏనుగుల మందకి పెద్ద అయిన వరాలమ్మ ఒక్కతెకే. కానీ ఆవిడ వెనక మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. నాలుగడుగులు వేస్తే చాలు, చెట్టుకి ఆనుకుని నిలబడిపోయేది. మందంతా కలిసి ఆవిడని ఆసుపత్రికి తీసుకొచ్చింది.

"నా వయసుకి, నా ఎముకలకి ఏది నప్పుతుంది నాయనా?" అని అడిగింది వరాలమ్మ.

డాక్టర్లు జవాబు చెప్పారు, ఆవిడకి కాదు, ఒకరికొకరు. మధ్యాహ్నం దాకా చెప్పుకున్నారు.

జంబుకేశ్వర్రావుకి దారి దొరికింది. ఎడమ మోకాలు భల్లూకరావుకి, కుడి మోకాలు శల్యమూర్తికి ఇస్తే, ఏదో ఒకటి కుంటుతుంది. కుంటిన కాలి డాక్టరుకి కుర్చీ లేదని చెప్పేయొచ్చు, మాట తప్పాడన్న నింద తన మీదికి రాదు. దీనికి తులనాత్మక పరిశీలన అని పేరు పెట్టి, తీర్మానం చేయించి, కాగితం మీద వరాలమ్మ తొండం ముద్ర వేయించుకున్నాడు.

ఆపరేషన్లు అయ్యాయి. మర్నాడే భల్లూకరావు వచ్చి ఎడమ కాలి మీద నిలబడమన్నాడు. శల్యమూర్తి వచ్చి ఆరు వారాల దాకా కుడి కాలి మీద బరువు మోపొద్దన్నాడు. ఆవిడ ఇద్దరి మాటా విని ఎడమవైపుకి ఒరిగి నిలబడింది. తన కాలు గెలిచిందని భల్లూకరావు వార్డంతా చాటుకున్నాడు. తన కాలిని కావాలని వెనక్కి నెట్టారని శల్యమూర్తి కమిటీకి అర్జీ పెట్టుకున్నాడు. నొప్పి ఎలా ఉందని మాత్రం ఎవరూ ఆవిడని అడగలేదు.

ఆరు వారాలు గడిచాయి. కమిటీ ముందు ఆవిడని నడిపించారు, మెట్లెక్కించారు, కూర్చోబెట్టారు, లేపారు. ఎక్స్‌రేలు తీశారు. ఎడమ కాలు బాగుంది. కుడి కాలూ అంత బాగానే ఉంది. వరాలమ్మ కళ్లు తుడుచుకుని, ఎన్నాళ్లకో హాయిగా నిలబడ్డానంది.

కమిటీ గదిలో మాత్రం చావు కబురు వచ్చినట్టు అందరూ తలలు దించుకున్నారు. డాక్టర్లిద్దరూ కుర్చీ కోసం తలుపు దగ్గర కాచుకున్నారు. నక్క కాసేపు ఆలోచించి, రెండు పద్ధతుల తేడా పదిహేనేళ్లకి గాని బయటపడదని, అందాకా రోగి ఆసుపత్రి గేటు దాటకూడదని ఉత్తర్వు రాసి, తనే పట్టుకెళ్లి ఇచ్చాడు.

వరాలమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుంది.

"పదిహేనేళ్లు నేనిక్కడుంటే మందకి నీళ్లెవరు చూపిస్తారు బాబూ?"

"అది మా కమిటీ పరిధిలోకి రాదు పెద్దమ్మా."

ఆవిడ లేచి గేటు దాకా నడిచింది. గేటు వేసి ఉంటే, గేటుతో సహా నడిచింది. వెనకే మంద, మంద వెనక జింకలు, పందులు, కట్లు కట్టుకున్న రోగులు. ఎడమ పక్క భల్లూకరావు, కుడి పక్క శల్యమూర్తి ఎవరి కాలి అడుగులు వాళ్లు లెక్కపెట్టుకుంటూ బయల్దేరారు.

ఆసుపత్రిలో నక్క ఒక్కడే మిగిలాడు. 'పరిశీలనలో ఉన్న రోగి పరారీ' అని రాసి ఫైలు మూశాడు. ఎలాగూ ఎవరూ లేరు కదా అని ఆ కుర్చీలో తనే కూర్చున్నాడు. మెత్తగానే ఉంది. మూడో రోజుకి కుండలన్నీ ఖాళీ అయ్యాయి. నాలుక వేలాడేసుకుని, ఏనుగు అడుగులు వెతుక్కుంటూ కొండెక్కాడు. దారి పొడుగునా వంగి చూస్తూనే ఉన్నాడు. ఎడమ అడుగూ, కుడి అడుగూ ఒకటే లోతు.

ఊట దగ్గర వరాలమ్మ మోకాళ్లు వంచి నీళ్లు తాగుతోంది. డాక్టర్లిద్దరూ చెరో పక్కా నిలబడి, ముందు ఏ మోకాలు వంగిందో చెప్పమని బతిమాలుతున్నారు.

"చూసుకోలేదు నాయనా, దాహంగా ఉంది" అని, నక్కకి కాస్త చోటిచ్చి, ఆవిడ మళ్లీ తాగడంలో పడింది.

నీతి: ఏ వైద్యం గొప్పదో తేలకముందే బాగుపడ్డ రోగి, వైద్యశాస్త్రానికి తీరని ద్రోహం చేసినట్టే.