కాటుకచుక్క సంగ్రామము

నంద్యాల తానే ఒక జిల్లాకు రాజధానియై వెలసిన కాలమున, బియ్యపుమిల్లుల ఊకపొట్టు బంగారుధూళివలె ఆకాశమున కెగయుచున్న ఒకానొక సోమవారపు ఉదయమున, ఆళ్ళగడ్డ బస్టాండులో కిటికీగుండా చేతిసంచి విసరి, తలుపు తెరవకమునుపే సీటును ఆక్రమించిన వీరాగ్రేసరి యొకతె గలదు. ఆమెయే మహానందమ్మ. బడిలో రెండువందల మంది బిడ్డల మధ్యాహ్నభోజనమును ఒంటిచేత వండు పాకశాలాధీశ్వరి. ఆనాడు గరిటె దించి యుద్ధమునకు బయలుదేరెను. ఏమి యుద్ధమంటారా? అదే చెబుతున్నాను, తొందరపడకండి.

ఆమె కుమారుడు రాతిని చెక్కి దేవతలను పుట్టించు శిల్పి. ఆ రాతిదుమ్ములో రెండేండ్ల పసిబిడ్డను కూర్చోబెట్టగలమా? కోడలు భావన దినదినమూ నంద్యాలకు బస్సెక్కి, బట్టలకొట్టులో చీరలు విప్పి చూపి మరల మడతపెట్టు సహనమూర్తి. కాబట్టి మనుమరాలు వాణిని ఆళ్ళగడ్డలోనే పిల్లల సంరక్షణ కేంద్రమున విడిచిరి. ఆ కేంద్రపు ఫీజో, భావన జీతమున సగమును రాహువు చంద్రుని పట్టినట్లు పట్టుచున్నది. కొలువుచేయు తల్లులకు అందులో కొంత సర్కారే ఇచ్చునని తెలిసినది. దరఖాస్తునకు అదే కడపటి దినము. తప్పెనా, భావన కొలువు మానవలసినదే.

అత్తాకోడండ్రు, చంకలో వాణి, నంద్యాల సర్కారు కచేరీలో వరుసన రెండు గంటలు నిలిచి దుర్గద్వారమువంటి కౌంటరును చేరిరి. లోపల జ్ఞానప్రకాశమను గుమాస్తా, చేత పలకవంటి యంత్రమును ధరించి, చక్రధారివలె ఆసీనుడై యుండెను.

"పాప మొగం ఆధార్ ఫొటోతో కలవల్లమ్మా. మూడుసార్లే చాన్సు. మూడూ పోతే మళ్ళా మూడునెల్లకే," అని అతడు యుద్ధనియమము ప్రకటించెను.

వాణి యంత్రమును చూచి నవ్వెను. యంత్రము నవ్వలేదు. తెరపై ఎర్రని గుర్తు భగ్గుమనెను.

"ఏందప్పా నీ మిషను! పుట్టినప్పుట్నించి నేనెత్తుకున్న బిడ్డ ఇది. కాదనేకి అదెవరు?"

"పెద్దమ్మా, ఎడమబుగ్గ మీద అంత లావు నల్లచుక్క ఏంది? తుడిచెయ్యి."

అంతట మహానందమ్మ, ప్రళయకాల మేఘగర్జనమును తలపించు కంఠమున, కౌంటరు అద్దము కంపించునట్లు పలికెను:

"తుడిచేదా! బస్సులో అరవైమంది చూసినారు నా బంగారుకొండను. ఈడ ఇంతమంది చూస్తాండారు. రాత్రికి జరమొస్తే నీ మిషనొచ్చి ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తాదా?"

"అత్తా, నా కొలువు పోతాది," అనెను భావన, మెల్లగా. ఆ మాటకు మహానందమ్మ గర్జన సగములో ఆగెను. భావన కొంగుతో చుక్కను తుడిచెను. కానీ అది ఇంట ఆముదపు దీపమున పట్టిన కాటుక! తుడిచినకొలది బుగ్గయంతయు కారుమబ్బువలె కమ్ముకొనెను. వాణి ఆకాశము బ్రద్దలగునట్లు ఏడ్చెను. రెండవసారియు ఎర్రగుర్తే.

"రెండో బుగ్గక్కూడా పూయక్కా, సరిసమానంగా ఉంటాది!" అని వెనుక వరుసనుండి ఇమాంబీ అను ముదుసలి పరిహసించెను. పరిహసించియు, నీళ్ళసీసా అందించెను. బిడ్డ మొగము కడిగిరి. ఏడ్పు అణగెను. ఇక మిగిలినది ఒకే బాణము.

అప్పుడు మహానందమ్మ కన్నులు మెరసెను. "అప్పా, నీ కాడ ఉండే పాత ఫొటో ఒకసారి చూపియ్యి."

చూపెను. ఆరునెలల వాణి, పుట్టువెంట్రుకలు తీసిన నున్నని తల, కుడిబుగ్గపై పదిరూపాయల బిళ్ళంత కాటుకచుక్క.

"చూస్తివా! ఆపొద్దు కుడిబుగ్గకు పెట్టినా. ఈపొద్దు బస్సులో కిటికీ పక్క ఎడమబుగ్గ వస్తాదని ఎడమకు పెట్టినా. తప్పు మిషనుది కాదప్పా. నాది."

జీవితమున ఆమె తప్పొప్పుకొనుట అదే మొదలని కోడలికి తెలుసు.

"వద్దు పెద్దమ్మా, కడాచాన్సు. చుక్క లేకుండానే పోనిద్దాం," అని గుమాస్తా వారించెను. అందరును భావనవైపు చూచిరి. కొలువు ఆమెది. ఆమె బిడ్డ గడ్డమును రెండువేళ్ళతో పట్టి నిలిపెను.

"పెట్టత్తా."

మహానందమ్మ రొంటినుండి కాటుకడబ్బీ తీసి, చూపుడువ్రేలు ముంచి, కుడిబుగ్గపై, కొలిచినట్లు, చుక్క దిద్దెను. తెరపై చక్రము గిరగిర తిరిగెను. వరుసంతయు మెడలు చాచెను. పచ్చని గుర్తు వెలసెను!

చుక్కను చూచి ఒప్పుకొనెనో, కడిగిన మొగమును చూచి ఒప్పుకొనెనో, ఆ యంత్రమునకే తెలియవలె. మహానందమ్మను మాత్రము అడుగకండి, తెల్లవారుదాకా చెబుతుంది.

రసీదు అందెను. భావన ముమ్మారు చదివెను: "దరఖాస్తు అందినది. పరిశీలించి తెలియజేయబడును." అంతే! సొమ్ము కాదు, మంజూరు కాదు. అయినను కొలువు ఇంకను నిలిచియున్నది. ఆమె ఆ కాగితమును మడతపై మడత వేసి, చీరలకు కూడ అంత శ్రద్ధ చూపని చేతులతో, పర్సులో దాచెను.

వెళ్ళబోవుచు మహానందమ్మ వెనుదిరిగి, కిటికీలో చేయిపెట్టి, యంత్రము వీపున ఒక చుక్క పెట్టెను.

"ఏందమ్మా ఇది!" అని జ్ఞానప్రకాశము లేచెను.

"మంచి మిషనప్పా. ఇంతమంది చూస్తాండారు, దానికి మాత్రం దిష్టి తగలదా?"

జయము! జయము! నంద్యాల కౌంటరు మొదలు ఆళ్ళగడ్డ బస్టాండు వరకు, వినువారున్నను లేకున్నను, చాటుచున్నాను: మహానందమ్మ అను మహావీరురాలు, మూడవ ప్రయత్నమున, ఒక దరఖాస్తు ఇచ్చినది!