దుడ్లకు మర్యాద, దవడకు వాపు

డబ్బుతో ఎలా మెలగాలో నేర్పే కోచ్‌లను తిట్టేవాళ్లంతా అజ్ఞానులు. రైలుకు కోచ్ లేకపోతే జనం ఎక్కడ కూర్చుంటారు? జనానికి కోచ్ లేకపోతే డబ్బు ఎక్కడ కూర్చుంటుంది? కాస్త ఆలోచించండి!

నమ్మకం కుదరకపోతే మంత్రాలయంలో టెంకాయల అంగడి పెట్టుకున్న హనుమేష్‌ను చూడండి. మొన్నటిదాకా ఈయనకు డబ్బుతో, ఆయన మాటలో దుడ్లతో, ఉన్నది మోటు సంబంధం. వచ్చిన నోటును నలిపి బనియన్‌లో కుక్కేవాడు. ఇయ్యాల్సి వస్తే తిట్టి ఇచ్చేవాడు.

అలాంటివాడు ఒకరోజు ఫోన్‌లో డబ్బు కోచ్ సంపద్ సార్ గారి ఫ్రీ క్లాసు విన్నాడు. ధనంతో బంధం లేనివాడికి జీవితమే బంధనం అన్నారు సార్. డబ్బు మన ఇంటికొచ్చే చుట్టమట. వచ్చినప్పుడు నవ్వుతూ పిలవాలట, పోయేటప్పుడు ప్రేమగా పంపాలట.

సార్ చెప్పింది ఇంతే. మిగతాది హనుమేష్ సొంత పైరు. చుట్టాన్ని పంపాలంటే వారం, వర్జ్యం చూడొద్దా? పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను మంగళవారం పంపుతామా? శుక్రవారం పంపుతామా? దీపాలు పెట్టాక గడప దాటనిస్తామా? మరి దుడ్లేం పాపం చేశాయి? ఆయనకు ఇంత జ్ఞానోదయమైన వారంలోనే, ఆయన భార్య రామేశ్వరమ్మకు దవడ పన్ను పుచ్చింది.

ఆమెకు పన్ను నొప్పి. ఆయనకు పన్ను అనే మాట వింటేనే నొప్పి. డాక్టరు రూట్ కెనాల్ చెయ్యాలన్నాడని ఆమె చెబితే, “కెనాల్‌కు దుడ్లు గవర్నమెంటు గదా ఇయ్యాల్సింది?” అన్నాడు.

పైగా పంటి ఆస్పత్రి వాళ్లింటికి సరిగ్గా తూర్పున ఉంది. సోమ, శనివారాలు తూర్పుకు వారశూల. మంగళ, శుక్రవారాలు లక్ష్మి కదలరాదు. ఆదివారం డాక్టరే ఉండడు. గురువారం రాయరి వారం, రాఘవేంద్రస్వామి మఠం ముందు జనం కిటకిటలాడుతుంటే అంగడి వదలడం కుదరదు. ఇక మిగిలింది బుధవారం.

“ఈపొద్దు బుధవారం. పోదాం పదప్పా” అందామె.

“రేపు దుడ్లొస్తాయి. కొత్తగా వచ్చేవాటికి ఇంట్లో తోడు ఉండొద్దా?”

“మరి నాకెవరు తోడు?”

“నొప్పి ఉండాది గదమే.”

చూశారా, ఎంత ఆరోగ్యకరమైన బంధమో! ఆరోగ్యమంతా బంధానికే, రోగమంతా బంధువుకే. మరునాడు రామేశ్వరమ్మ దవడ చుట్టూ తువ్వాలు కట్టుకుని టెంకాయలమ్మింది. అదేదో కొత్త మొక్కుబడి అనుకుని ఇద్దరు భక్తులు ఆమెకూ దండం పెట్టుకుని పోయారు.

శుక్రవారం పొద్దుగూకింది. ఆమె దీపం పెట్టి, గంజి గిన్నె ముందు కూర్చుంది. గంజి మింగడానికీ నోరు తెరుచుకోవడం లేదు. అప్పుడే సంపద్ సార్ ఆఫీసు నుంచి ఫోన్. గోల్డ్ కోర్సు ఐదు వేలేనట, ఆఫర్ ఇంకో అరగంటేనట. హనుమేష్ బొటనవేలితో నొక్కాడు. టింగుమంది ఫోను.

“ఏమప్పా, శుక్రవారం. దీపం పెట్టినాం. దుడ్లెట్ల పోయినాయి?” అందామె, తెరుచుకోని నోటితోనే.

“ఫోన్‌లో పోయేవి గడప దాటవు గదమే. వాటికి వారం లేదు, శూల లేదు.”

రామేశ్వరమ్మ ఆ ధర్మసూక్ష్మాన్ని శ్రద్ధగా విన్నది. ఆయన చేతిలోని ఫోను మెల్లగా తీసుకుంది. చెప్పులేసుకుని తూర్పుకు నడిచింది.

ఆస్పత్రిలో డబ్బులు ముందే కట్టమన్నారు. పిన్ నంబరు ఆమెకు తెలుసు, ఫోన్‌లోనే కట్టేసింది. అది పెళ్లిరోజు కాదులెండి, అంగడి తెరిచిన రోజు.

పక్కన కూర్చున్న జీవమ్మ అనే ముసలామె ఆ దవడ చూసి నొచ్చుకుంది. “ఇంత వాచేదాకా యాడ పోయినారు తల్లీ?”

“మా ఇంట్లో దుడ్లు చుట్టాలు పెద్దమ్మా. నేను ఇంటిమనిషిని. చుట్టాలకు మర్యాద అయినాంకనే గదా ఇంటిమనిషికి?” అని బిగిసిన నోటితోనే మొదలుపెట్టి, సంపద్ సార్ క్లాసు నుంచి వారాలన్నీ వరసగా చెప్పింది రామేశ్వరమ్మ. కూర్చున్నవాళ్లంతా వాచిన దవడలు పట్టుకుని మరీ నవ్వారు. ఫోను కోసం పరిగెత్తుకొచ్చిన హనుమేష్‌కు గుమ్మంలోనే కాళ్లు ఆగిపోయాయి. నర్సు పిలిస్తే ఆమె ఆయన వైపు చూడకుండా లోపలికి పోయింది.

ఆమె ఖాళీ చేసిన కుర్చీలో హనుమేష్ కూలబడ్డాడు. పక్క బెంచీ మీది పెద్దాయన జరిగొచ్చి హనుమేష్ చెవిలో గుసగుసలాడాడు. “మా ఇంటామె గూడా కట్టుడు పండ్లు కావాలంటాంది అప్పా. దుడ్లు పోకుండా ఆపే ఆ సార్ నంబరుంటే చెప్పవా?”

హనుమేష్ మూసిన తలుపు వైపు చూశాడు.

“నంబరు ఫోన్‌లో ఉండాది. ఫోను ఆమె చేతిలో ఉండాది. ధైర్యముంటే లోపలికి పోయి అడుగన్నా.”