లేని ఆవిడ అభ్యంతరాలు

"మర్యాదగా మేడమ్‌ని బయటికి పిలవండి. లేకపోతే నేనే పిలుస్తాను," అన్నాడు పళ్ల డాక్టరు.

కళ్లద్దాలాయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. ఆ ఆదివారం ఉదయం ఆయన పెట్టుకున్న పని ఒక్కటే, వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేసుకోవడం. రెండో చొక్కా కాలర్ దగ్గర ఉండగా కింద వీధిలో రెండు హారన్లు ఒకేసారి మోగాయి. తొంగిచూస్తే ఇరుకు వీధిలో రెండు కార్లు ముక్కూ ముక్కూ రాసుకునేంత దగ్గరగా నిలబడి ఉన్నాయి. ఒకటి రేకు పెట్టెలాంటి పాత కారు. రెండోది నేలకి అతుక్కుపోయినట్టున్న ఎర్ర స్పోర్ట్స్ కారు.

వాటిలో ఏది కొనాలో ఆరు నెలలుగా ఆయన తేల్చుకోలేకపోతున్నాడు. స్పోర్ట్స్ కారుతో డాక్టరు శనివారం సాయంత్రాలు వస్తాడు. పాత కారుతో మెకానిక్ ఆదివారాలు వస్తాడు. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడకుండా ఇన్నాళ్లూ కంటికి రెప్పలా కాపాడుకొచ్చాడు.

"మేడమే రమ్మన్నారు సార్," అన్నాడు డాక్టరు వెనక నిలబడిన మెకానిక్, బుర్ర గోక్కుంటూ. "నిన్న మధ్యాహ్నం ఫోన్ చేశారు. పొద్దున్నే బండి తీసుకుని రా, ఇవాళ తేల్చి పారేస్తానన్నారు."

"నాక్కూడా చేశారు. నిన్న సాయంత్రం రావొద్దని, ఇవాళ రెండు కార్లూ పక్కపక్కన పెట్టి చూస్తానన్నారు," అన్నాడు డాక్టరు.

కళ్లద్దాలాయన ఖాళీ చెయ్యి కూడా గుమ్మానికి అడ్డం పెట్టాడు. ఎందుకంటే ఆయనకి భార్య లేదు. ఉండి పోవడం కాదు, అసలు ఎప్పుడూ లేదు.

లేని మనిషి పుట్టుక వెనక పెద్ద కథేమీ లేదు. మెకానిక్ మొదటిసారి వచ్చిన రోజు ఇద్దరూ ఊరి చివరిదాకా వెళ్లొచ్చారు. పాత కారులోంచి పాత ఇంజన్ పీకేసి, అంతకు రెట్టింపు బలమున్న కొత్త ఇంజన్ బిగించాడు మెకానిక్. "బయట తాతయ్య, లోపల కుర్రాడు సార్," అని మురిసిపోతూ చెప్పాడు. తిరిగొచ్చాక కాఫీకి మేడ మీదకి వచ్చి, రెండో కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీ జతగా అమ్మారు కాబట్టి కొన్నది. కొన్న నాటి నుంచీ దాని మీద మడతపెట్టిన బట్టలు తప్ప మనిషి కూర్చోలేదు. మెకానిక్ ఆ కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని, తన మొదటి స్కూటరు నుంచి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పాడు. చివరికి లేచి, "అయితే ఏమంటారు సార్?" అని అడిగాడు.

అవునంటే బేరం తెగిపోతుంది. కాదంటే బేరం చెడిపోతుంది. ఎలా చూసినా కుర్చీ మళ్లీ బట్టల పాలే. ఆ కంగారులో ఆయన నోటి నుంచి లోకంలో మగవాళ్లందరూ వాడే మాటే వచ్చింది.

"మా ఆవిడని అడగాలి."

"అడగాలి మరి! అడక్కుండా కొంటే మనల్ని బతకనిస్తారా?" అని మెకానిక్ హాయిగా నవ్వాడు. "వచ్చే ఆదివారం మళ్లీ తీసుకురానా?"

"తీసుకురా," అన్నాడాయన. ఆ వారమంతా ఆదివారం కోసం ఎదురుచూశాడు. రెండు వారాల తర్వాత, శనివారాలు కూడా ఖాళీగానే ఉన్నాయి కదా అని డాక్టరు ఇచ్చిన స్పోర్ట్స్ కారు ప్రకటన చూసి ఫోన్ చేశాడు.

కళ్లద్దాల దుకాణంలో ఆయన పని పొద్దస్తమానం జనం కళ్ల ముందు గాజుబిళ్లలు మార్చడం. "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడగడం. తొంభై ఏళ్ల ముసలమ్మ కూడా రెప్పపాటులో తేల్చేస్తుంది. అలాంటి పని చేసే మనిషి రెండు కార్ల మధ్య ఆరు నెలలు ఊగాడు. స్పోర్ట్స్ కారుకి రెండే సీట్లు, నడిపేటప్పుడు పక్కన ఖాళీ ఒక్కటే కనిపిస్తుంది. పాత కారులో అయితే నాలుగు ఖాళీలు, అద్దంలో చూసుకుంటే మూడు వెనకే కూర్చుని తననే చూస్తున్నట్టుంటాయి. ఆయన తూచి చూసుకున్నది ఇంజన్లని కాదు, ఈ లెక్కని.

ఇక ఆవిడ అభ్యంతరాలు. పాత కారు కప్పు తలకి తగులుతోందని ఆవిడ అందని చెబితే మెకానిక్ సీటు కిందికి దించాడు. పరుగు చాల్లేదందంటే గేర్లు సర్దాడు. డాక్టరుతో మాత్రం ఆవిడ వేరేగా ఉండేది. పొట్టి మనిషి కావడంతో స్టీరింగు మీంచి రోడ్డు కనిపించదు. వేగమంటే గుండెదడ. చూద్దామంటే ఎప్పుడూ స్నానంలోనో, నిద్రలోనో, పుట్టింట్లోనో ఉండేది. కొన్ని ఆదివారాలు మెకానిక్ వెళ్లిపోయాక, ఈవిడ మరీ మొండికేస్తోంది, వచ్చేవారం కాస్త తగ్గమని చెప్పాలి అని కళ్లద్దాలాయనకి నిజంగానే అనిపించేది.

ఆ ఆవిడే ఇప్పుడు ఫోన్ చేసింది.

"మా ఆవిడ... ఊళ్లో లేదు," అన్నాడు కళ్లద్దాలాయన.

"నిన్న మాట్లాడితే ఇంట్లోనే ఉన్నానన్నారే?" అన్నాడు డాక్టరు. "చూడండి, మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి. మూడో మనిషి వస్తుంటే రెండు సీట్ల కారు నాకెందుకు? రెండు నిమిషాలు మేడమ్‌ని కూర్చోబెట్టండి. పొట్టిగా ఉన్నారన్నారని సీటు మీద దిండు కూడా వేసుకొచ్చాను."

మెకానిక్ బుర్ర గోక్కోవడం ఆపాడు. "పొట్టేంటి? మేడమ్ పొడుగు మనిషి. కప్పు తగులుతుందని సీటు మూడుసార్లు దించాను."

"పొట్టి. వేగం పడదు, గుండెదడ."

"గుండెదడా? బండి ఇంకా లాగాలని నా ప్రాణం తీసింది ఆవిడే!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత నెమ్మదిగా కళ్లద్దాలాయన మొహం చూశారు.

"శనివారం ఒకావిడ," అన్నాడు డాక్టరు.

"ఆదివారం ఇంకొకావిడ," అన్నాడు మెకానిక్. "సార్, చూస్తే పిల్లిలా ఉంటారు. రెండు సంసారాలు ఎలా లాగుతున్నారు సార్?"

ఆ మాట మెట్ల మీద వస్తున్న ఓనరమ్మ చెవిన పడింది. కింది వాటాలో ఉండే ఆవిడ హారన్ల గోలకి తిట్టడానికి బయల్దేరి, తిట్టు మర్చిపోయి పరుగున వచ్చింది.

"ఏంటీ, ఇద్దరా? ఒంటి మనిషినని చెప్పి వాటా తీసుకున్నావు కదయ్యా! నీళ్లు ఒక్కడికే లెక్క!"

"పిన్నిగారూ, మీరనుకుంటున్నట్టు కాదండీ..."

"ఆగు. నేను పొద్దున లేస్తే పడుకునేదాకా కిటికీ దగ్గరే కూచుంటాను. నువ్వొచ్చాక ఈ మెట్ల మీద ఒక్క ఆడమనిషి ఎక్కలేదు, దిగలేదు." ఓనరమ్మ తన మాట తనే విని కళ్లు పెద్దవి చేసింది. "దిగలేదు... అంటే లోపలే ఉన్నారన్నమాట!"

డాక్టరు ఒక అడుగు ముందుకి వేశాడు. కళ్లద్దాలాయన వెనక్కి జరిగి, చేతిలోని ఇస్త్రీపెట్టె ఎక్కడ పెట్టాలో తోచక బల్ల మీదున్న చొక్కా మీదే పెట్టాడు. అందరూ హాల్లోకి వచ్చేశారు. మూసి ఉన్న పడగ్గది తలుపు వెనక నుంచి అప్పుడు సన్నగా, స్పష్టంగా, ఒక ఆడగొంతు వినిపించింది.

"...భయపడకండి. మీ మనసులో ఏముందో చెప్పండి. నేను వింటున్నాను..."

అందరి తలలూ ఆ తలుపు వైపు తిరిగాయి.

"ఆ గదిలోకి వెళ్లకండి! దండం పెడతాను, వెళ్లకండి!" అన్నాడు కళ్లద్దాలాయన. ఆ పరిస్థితిలో అనకూడని మాట అదొక్కటే.

"కాలిన వాసన వస్తోంది," అంది ఓనరమ్మ, మూలనున్న చీపురు అందుకుంటూ. "ఏం తగలబెడుతున్నావయ్యా?"

"మేడమ్! కంగారు పడకండి, మేం వచ్చేశాం!" అని కేకేసి మెకానిక్ తలుపుకి భుజం తగిలించాడు. ఆ తలుపుకి గొళ్లెం లేదు. చెమ్మకి ఉబ్బి కాస్త బిగుసుకుందంతే. ఇంజన్లు ఎత్తే భుజం తగలగానే అది బార్లా తెరుచుకుంది. మెకానిక్ వెళ్లి మంచం మీద బోర్లా పడ్డాడు. అతని వెనకే డాక్టరు, డాక్టరు వెనకే చీపురు పట్టుకుని ఓనరమ్మ లోపలికి దూరారు.

గదిలో ఒంటి మనిషి మంచం ఉంది. మంచం మీద ఒక్క దిండు. దిండు పక్కన, దుప్పటి గొంతుదాకా కప్పి, చిన్న రేడియో ఉంది.

"...మీరొక్కరే అనుకోకండి," అంటోంది రేడియోలో అమ్మాయి.

కళ్లద్దాలాయన లోపలికి వచ్చి దాన్ని ఆపాడు. "దుకాణం నుంచి వచ్చేటప్పటికి ఎవరో ఒకరు మాట్లాడుతున్నట్టుంటుందని, ఆపకుండా వదిలేస్తాను," అన్నాడు. ఆ దుప్పటి సంగతి కూడా చెప్పాలనిపించిందేమో, "చలికాలం బ్యాటరీ త్వరగా పోతుంది," అని చేర్చాడు.

ఎవరూ నవ్వలేదు. ఓనరమ్మ చీపురు వెనక్కి దాచుకుని, హాల్లోకి వెళ్లి ఇస్త్రీపెట్టె ఆపి వచ్చింది.

"మా ఆవిడ లేదు," అన్నాడు కళ్లద్దాలాయన. "పొడుగూ లేదు, పొట్టీ లేదు. కారు కొనేస్తే మీరు మళ్లీ రారు. అందుకని..."

మెకానిక్ మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "అయితే సీటు మూడుసార్లు దించమన్నది?"

"నేనే."

"నా శనివారాలు! మా ఆవిడ చేత తిట్లు తిని మరీ వచ్చాను," అన్నాడు డాక్టరు. కోప్పడదామనుకున్నాడు కానీ, ఆ ఒక్క దిండు వైపు చూసి గొంతు తగ్గించేశాడు. ఉన్నట్టుండి అతనికి ఇంకో సంగతి తట్టింది. "ఒక్క నిమిషం. మేడమ్ లేకపోతే నిన్న నాకు ఫోన్ చేసిందెవరు?"

నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. డాక్టరు, మెకానిక్ ఫోన్లు తీసి పక్కపక్కన పెట్టారు. ఇద్దరికీ వచ్చింది ఒకే నంబరు. ఓనరమ్మ మంచం అంచున సర్దుకుని కూర్చుంది. ఇక నీళ్ల లెక్క ఆవిడకి గుర్తు లేదు.

"కలపండి. అందరికీ వినపడేట్టు పెట్టండి," అంది.

రెండు రింగులకే ఎవరో ఎత్తారు. "ఎవరూ? ఆఁ, మా పక్కింటావిడ కోసమా? ఇక్కడే కూచుంది. పొద్దున్నుంచీ ఈ ఫోన్ వైపే చూస్తోంది. ఇస్తా ఉండండి."

తర్వాత ఇంకో గొంతు వచ్చింది. "హలో! తేలిందాండీ?"

మెకానిక్ మంచం మీంచి ఎగిరి లేచాడు. "ఏమే! నువ్వా?"

"ఆఁ, నేనే."

"నిన్న నాకు ఫోన్ చేసింది నువ్వా?"

"సొంత పెళ్లాం గొంతు గుర్తుపట్టలేదు, పైగా 'అలాగేనండి మేడమ్, తప్పకుండా మేడమ్' అన్నావు. పెళ్లయ్యాక నాతో అంత మర్యాదగా మాట్లాడింది అదే మొదటిసారి."

"అండీ, గారూ అంటే నువ్వని ఎలా అనుకుంటానే?" అని మెకానిక్ గొణిగాడు. తెలియకుండానే చెయ్యి బుర్ర మీదికి పోయింది.

"అన్నయ్యగారున్నారా అక్కడ? కళ్లద్దాలాయన?"

"ఉన్నానమ్మా," అన్నాడు కళ్లద్దాలాయన ఫోన్‌కి దగ్గరగా వంగి.

"మీకు ఆవిడ లేదని నాకు ఎప్పుడో తెలుసు. ఆవిడెలా ఉంటుందని ఈయన్ని అడిగితే చూళ్లేదన్నాడు. కాఫీ ఎవరిచ్చారంటే సారే కలిపారన్నాడు. మరి కప్పులెవరు కడిగారంటే, నేనే కడిగానన్నాడు. మా ఇంట్లో ఈ మనిషి చెంచా కూడా కడగడు అన్నయ్యగారూ! ఆడమనిషి ఉన్న ఇంట్లో ఈయన కప్పులు కడిగాడంటే నేను నమ్ముతానా?"

"మరి నా నంబరు మీకెలా తెలిసింది?" అన్నాడు డాక్టరు.

"ఆ పళ్ల డాక్టరు కారు వల్లే బేరం కుదరట్లేదని మా ఆయన రోజూ తిట్టుకుంటాడు. ఎర్ర కారు ఆగి ఉన్న మీ ఆస్పత్రి బోర్డు మీద నంబరు చూసి చేశాను. తప్పయితే క్షమించండి." తర్వాత వచ్చిన గొంతులో ఎగతాళి లేదు. "ఏం చెయ్యను? వారమంతా షెడ్డు. ఆదివారం ఒక్కరోజు ఇంట్లో ఉంటాడనుకుంటే, పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వస్తాడు. ఒక్కదాన్నీ గోడలు చూస్తూ కూచోలేక, ఏదో ఒకటి తేలిపోవాలని చేశాను."

కళ్లద్దాలాయనకి ఛెళ్లున తగిలిందది. ఇన్నాళ్లూ లేని ఆవిడని అడ్డం పెట్టుకుని, ఉన్న ఆవిడ ఆదివారాలు దోచుకున్నాడన్నమాట. అద్దాల దుకాణంలో ముసలమ్మలు తేల్చినట్టు, ఆయన కూడా రెప్పపాటులో తేల్చేశాడు.

"తప్పు నాదేనమ్మా. మీ కారే కొంటాను. ఇప్పుడే, ఈ పూటే. ఇకనుంచి మీ ఆయన ఆదివారాలు ఇక్కడికి రానక్కర్లేదు," అన్నాడు. చివరి మాట అంటూ రేడియో మీది దుప్పటి సర్దాడు. ఓనరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. మెకానిక్ మాత్రం ఎందుకో కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

ఫోన్లో పెద్దగా నవ్వు వినిపించింది.

"కొంటారా? ముందు అమ్ముతాడేమో అడగండి!"

"అదేంటమ్మా?"

"ఆ బండికి మూడు బేరాలొచ్చాయి. ఒకాయన డబ్బు చేత్తో పట్టుకుని ఇంటికే వచ్చాడు. క్లచ్ పోయిందని చెప్పి ఈయన పంపించేశాడు. ఇంకొకాయనకి పొగ కక్కుతుందన్నాడు. మూడో ఆయన్ని అసలు బండి దగ్గరికే రానివ్వలేదు. నిక్షేపంలాంటి బండి! అది అమ్ముడుపోతే ఆదివారం మీ ఇంటికి రావడానికి సాకుండదు కదా అన్నయ్యగారూ. ఈ బేరం ఆరు నెలలు సాగదీసింది మీరు కాదు, లేని మీ ఆవిడా కాదు. అసలు దొంగ మీ పక్కనే బుర్ర గోక్కుంటూ నిలబడ్డాడు చూడండి, మా ఆయన!"

మెకానిక్ బుర్ర మీంచి చెయ్యి తీసేశాడు.